మంచం కోసం వచ్చిన మనిషి

మూడో ఇంటికి చేరేసరికి బెలార్మినో చొక్కా వీపుకి అంటుకుపోయింది. క్లినిక్ వాళ్ల వ్యానును కాఫీ తోట పక్కన ఆపి రెంచీ, గోనెగుడ్డ, తాడు తీసుకున్నాడు. ఇక నయం కాదని తేలినవాళ్ల ఇళ్లకు ఎత్తి దించే మర మంచాలు చేర్చి బిగించడం, వాళ్లు పోయాక విప్పి తెచ్చుకోవడం. తురియాల్బా ఊళ్లో పదహారేళ్లుగా అతని పని ఇదే.

విప్పడానికి వెళ్లినప్పుడు గుమ్మం బయటే టోపీ తీస్తాడు. పరుపు మీద పడిన గుంట వంక చూడడు. కూర్చోమంటే ఇంకో ఇంటికి వెళ్లాలంటాడు. అలాంటి ఇంట్లో తను కూర్చుంటే తన దుఃఖం కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటుందని అతని భయం.

టోపీ తీసి లోపలికి అడుగుపెట్టాడు. మంచం మీద మనిషి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాడు.

దోన్ ఎవారిస్తో. చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసినవాడు, ఊరంతా 'దోన్' అని గౌరవంగా పిలిచే ముసలాయన. నెల కిందట ఈ మంచం బిగిస్తుంటే కుర్చీలో కూర్చుని ఏ బోల్టు ముందో ఏది వెనకో చెప్పినవాడు. ఇప్పుడు దుప్పటి కింద మోకాళ్లు మాత్రమే ఎత్తుగా ఉన్నాయి. ఆయన రెంచీ వంక చూశాడు.

"తొందరపడ్డావు అబ్బాయ్. నేనింకా ఖాళీ చెయ్యలేదు."

బెలార్మినో రెంచీని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. కూతురు నెరెయిదా వంటింట్లోంచి వచ్చి, మంచం విప్పమని ఫోన్ చేసింది తనేనంది. మూడు గంటలకు అంబులెన్సు వస్తుందనీ, నాన్నని ఆసుపత్రిలో చేరుస్తున్నాననీ, స్ట్రెచర్‌కి అడ్డు లేకుండా ఈలోగా మంచం కాళ్లవైపు చట్రం విప్పి ఉంచమనీ గోడతో చెప్పినట్టు చెప్పింది. ముసలాయన పైకప్పు రేకుల్ని చూస్తున్నాడు. తన ఇంట్లోనే పోతానని ఆయన మొదటినుంచీ అంటున్న సంగతి క్లినిక్‌లో అందరికీ తెలుసు.

బెలార్మినో నేల మీద కూర్చుని మొదటి బోల్టుకి రెంచీ పెట్టాడు. వదులుగానే ఉంది. తుప్పు పట్టిందన్నాడు. అబద్ధం ఎందుకాడాడో తనకే తెలియలేదు. చెయ్యి ముందు ఆగిపోయింది, మాట దాని వెనక వచ్చింది. రెండోది కూడా పట్టేసిందన్నాడు. రేకుల మీద వాన మొదలైంది.

"ఇన్నేళ్ల నుంచీ చేస్తున్నారు," అంది నెరెయిదా నూనె సీసా అందిస్తూ. "బోల్టు విప్పడం రాదా మీకు?"

అతను బోల్టుకి నూనె రాశాడు. ఆమె అతని పక్కనే ఆ ఎర్రటి నేల మీద కూలబడింది. తండ్రికి వినపడకుండా అంది:

"మూడు రాత్రుల్నుంచీ కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోతున్నాను. నేనలా ఉండగా పోతే? అక్కడైతే ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు."

భార్య సంగతి అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"మా ఎర్మెలిందా పోయినప్పుడు వార్డులో అందరూ మేలుకునే ఉన్నారమ్మా. నేను గేటు బయట ఉన్నాను. చూడనిచ్చే వేళ కాదన్నారు. వెళ్లేసరికి చేతులు చల్లబడిపోయాయి."

ఆమె లేచి పక్క గదిలోకి వెళ్లింది. ఫోన్లో అంబులెన్సు వద్దని చెప్పడం వాన చప్పుడులో ముక్కలుగా వినిపించింది. ఆమె తిరిగొచ్చాక, కాసేపు పడుకోమనీ, ఆయన ఊపిరి మారితే తను లేపుతాననీ బెలార్మినో అన్నాడు. అనేశాక భయం వేసింది.

కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు.

"మరి మంచం?" అన్నాడు ముసలాయన.

"తొందరేం లేదు, దోన్ ఎవారిస్తో."

"మీ ఆఫీసు వాళ్లు నిన్ను తిడతారు," అని ఆయన సంతృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

వాన నిలిచింది, మళ్లీ పట్టుకుంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. బెలార్మినో ఆమె పడుకున్న సోఫా వైపు చూశాడు. ఆమె నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. లేపకపోతే ఇది చూడటం ఆమెకు తప్పుతుంది అనుకున్నాడు. అది దయలాగే తోచింది. గేటు బయట తనని నిలబెట్టినవాళ్లు కూడా బహుశా దయే అనుకుని ఉంటారు. లేచి వెళ్లి ఆమె భుజం పట్టుకుని గట్టిగా కుదిపాడు.

ఆమె వచ్చి తండ్రి చెయ్యి తీసుకుంది. "ఇక్కడే ఉన్నా నాన్నా," అంది. ఆయన వేళ్లు ఒకసారి ముడుచుకున్నాయి. రెండు ఊపిర్లు వచ్చాయి. మూడోదాని కోసం ఇద్దరూ చాలాసేపు ఎదురుచూశారు.

మంచం ఎప్పుడు తీసుకెళ్లాలో తర్వాత కబురు చెయ్యమని చెప్పి, బెలార్మినో ఖాళీ చేతులతో బయటికొచ్చాడు. వసారా బెంచీ మీద, ముసలాయనకి ఆసుపత్రికని కొన్న కొత్త చెప్పులు, ప్లాస్టిక్ దారం ఇంకా తెంపకుండా, ఒకదానికొకటి కట్టి ఉన్నాయి.