అనాఫికి ఒకవైపు టికెట్

"రేపటికి గాలి జోరు ఎనిమిదో నంబరు దాటుతుంది. ఓడలు ఆపేస్తారు. పిల్ల ఆ రాతిదీవి మీద ఏమైపోయిందో ఏమో," అన్నాను పైకే, అన్నం కూరి చుట్టడానికి ఉడుకునీళ్ళలోంచి క్యాబేజీ ఆకులు ఒక్కొక్కటే తీస్తూ.

"ఉమ్ము," అన్నాడు మా ఆయన అర్గిరిస్, పేపర్లోంచి తల ఎత్తకుండా. "మూడుసార్లు ఉమ్ము. నీ నోట్లోంచి మంచిమాట ఒక్కటి రాదు కదా!"

తూ తూ తూ అన్నాను. అంతటితో ఆయన నిశ్చింతగా ఆటల పేజీ తిప్పాడు. నాకు ఆ సదుపాయం లేదు.

నా పేరు స్టమాటా. మా అమ్మకి వరసగా నాలుగో ఆడపిల్లని. ఆడపిల్లలు చాలు, ఇక ఆపు అని దేవుడికి చెప్పడానికి మా గ్రీకువాళ్ళు పెట్టే పేరది. ఆరు తరగతులు చదివాను. పెళ్ళయి పిరెయస్ రేవు వెనక వీధిలోని ఈ ఇంటికి వచ్చి ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఆయన సరుకు ఓడల్లో ఇంజనీరు, ఏడాదికి పది నెలలు నీళ్ళమీదే. నేను రోజూ పొద్దున ఆరున్నరకి రేడియోలో సముద్ర వాతావరణం వినేదాన్ని. ఆయన బ్రెజిల్ దగ్గరున్నా సరే, ఇక్కడి సముద్రంలో గాలి ఎంతుందో తెలిస్తేగాని నాకు కాఫీ గొంతు దిగేది కాదు. అత్తగారు నవ్వేది. "వీడి ఓడని ఇది వంటింట్లోంచే తోలుతోంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిజమే, భయపడటమే నా ఉద్యోగం. ఆయన ఉద్యోగానికి పింఛను వచ్చింది. నాదింకా నడుస్తోంది.

మా అమ్మాయి మిర్సిని నాతో మాట్లాడి పది నెలలైంది.

పోయిన ఏప్రిల్‌లో, ఈస్టర్ ముందు గురువారం, గుడ్లకి ఎర్రరంగు వేస్తున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. "అమ్మా, ప్రోకోపిస్ నామీద చెయ్యి చేసుకున్నాడు" అంది. ప్రోకోపిస్ దాని మొగుడు. నేనేమన్నానో ఒక్క మాట పోకుండా గుర్తుంది. "ఏదో కోపంలో చేసుంటాడు. పండగ దాటనివ్వు. కాస్త ఓర్చుకో తల్లీ." అది ఫోన్ పెట్టేసింది. నేను మిగతా గుడ్లకి రంగు వేశాను. తడి జుట్టుతో బయటికి వెళ్తే భయం, రాత్రి బస్సంటే భయం, చేపముల్లంటే భయం. ముప్ఫై రెండేళ్ళుగా దాని ప్రతి అడుగుకీ భయపడ్డదాన్ని, భయపడాల్సిన ఆ ఒక్కచోట భయపడలేదు.

పండగ దాటకముందే అది ఆ ఇల్లు వదిలేసింది. సెప్టెంబరులో తాత్కాలిక టీచరుగా అనాఫి దీవికి వేశారని వాళ్ళ నాన్నకి ఒక మెసేజ్ పెట్టింది. నాకు అదీ లేదు. "చేజేతులా కాపురం చెడగొట్టుకుంది," అన్నాడు అర్గిరిస్. అలా అన్నందుకు ఆయనకేం కాలేదు, కూతురు ఆయనకి పండగ శుభాకాంక్షలు పంపుతూనే ఉంది. మగవాడు అనేదే అన్నాడనుకుందేమో. నా దగ్గర అది ఇంకేదో ఆశించింది.

అప్పట్నించి వారం వారం డబ్బాల్లో వంట సర్ది, పేరూ ఊరూ రాసి, ఓడ వెనకతలుపు దగ్గర నావికుడి చేతికి ఇస్తున్నాను. దీవుల్లో పిల్లలున్న తల్లులందరూ చేసేదే. మరుసటి ఓడకి ఖాళీ డబ్బాలు తిరిగొస్తాయి. మామూలుగా ఎవరూ డబ్బా ఖాళీగా పంపరు. ఏమీ లేకపోతే ఒక నిమ్మకాయైనా వేసి పంపుతారు. నాకు మాత్రం తళతళా కడిగి, తుడిచి, ఉత్తవే వచ్చేవి. ఆ ఉత్త డబ్బా మూత తీసినప్పుడల్లా చెంపమీద కొట్టినట్టుండేది. అయినా సరే, తింటోంది కదా అనుకునేదాన్ని.

ఈ వారం డబ్బాలు నిండుగా తిరిగొచ్చాయి. "ఎవరూ తీసుకోలేదటమ్మా," అన్నాడు అప్పుడే డ్యూటీకెక్కిన కొత్త నావికుడు.

ఆ మాట విన్నప్పట్నించీ పిల్ల జ్వరంతో ఒంటరిగా పడి ఉన్నట్టు, కొండ అంచున జారినట్టు, ప్రోకోపిస్ వెతుక్కుంటూ వెళ్ళినట్టు వరసగా కనబడుతూనే ఉంది. క్యాబేజీ ఆకు చేతిలోనే ఉంది. ఎవరికోసం చుడుతున్నానిది? ఆకు గిన్నెలో పడేసి, పొయ్యి ఆర్పి, "నేను అనాఫి వెళ్తున్నాను" అన్నాను.

అర్గిరిస్ నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్ల మాటకి నవ్వినట్టు. "మెట్రోలో దిగాల్సిన చోట దిగలేవు, ఓడలో దిగుతావా? దారిలో నాలుగు దీవులున్నాయి స్టమాటా. నీళ్ళు చూస్తేనే నీ మొహం తెల్లబడుతుంది. సముద్రం నీ వల్లయ్యే పని కాదు."

"నీ వల్లయ్యిందిగా," అన్నాను. "అంత కష్టమేమీ అయ్యుండదు."

టికెట్ల కొట్లో అమ్మాయి "రానూపోనూనా?" అని అడిగింది.

"పోవడానికే."

గాలి నేను చెప్పినట్టే ఎనిమిది దాటింది, ఓడలు ఆపేశారు. రెండు పగళ్ళు రేవులో బెంచీమీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికి పోయి పడుకుని వచ్చాను. ఇంటికెళ్ళిన ప్రతిసారీ అర్గిరిస్ "అయిందా సరదా?" అనేవాడు. మూడోరోజు తెల్లారేసరికి గాలి ఏడుకి దిగింది. రేవువాళ్ళు వదలొచ్చన్నారు. ఓడ ఎక్కాను.

పారోస్ దీవి దాటాక ఫోన్ మోగింది.

"స్టమాటా, నా బీపీ మాత్రలెక్కడ పెట్టావు?"

"ఉన్నచోటే ఉన్నాయి."

"ఎక్కడా అంటే!"

"ఇంజను గదిలో చీకట్లో బోల్టు పడితే వెతికి తీసేవాడినని వెయ్యిసార్లు చెప్పావుగా. వెతుకు," అని పెట్టేశాను. పక్కసీట్లో ముసలావిడ జపమాల ఆపి మరీ నవ్వింది. అరగంటకి "దొరికాయి" అని మెసేజ్ వచ్చింది. అదేదో ఆయన సాధించినట్టు, వెనక బొటనవేలు బొమ్మ కూడానూ.

సాయంత్రం నాలుగవుతుండగా అనాఫి అన్నారు. వాహనాల అంతస్తులోకి దిగి, లారీల మధ్య, డీజిలు పొగలో నిలబడ్డాను. దిగేది నేనూ, ఒక గొర్రెల దాణా లారీ. వెనకతలుపు కిర్రుమంటూ సగం వాలింది. బూడిదరంగు నీళ్ళు లోపలికి కొట్టి నా బూట్లు తడిపాయి. రేవు గట్టు దగ్గరికొచ్చింది, మళ్ళీ పక్కకి జరిగిపోయింది. తాడు అందలేదు. ఓడ వెనక్కి లాగేసింది.

"పిన్నీ, పైకెళ్ళి కూర్చో," అని అరిచాడు తాడు పట్టుకున్న నావికుడు. "కట్టలేకపోతున్నాం. ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే నిన్ను సంతోరిని దీవిలో దింపేస్తాం."

"ఇంకొక్కసారి చూస్తారుగా. ఇక్కడే ఉంటాను."

"భయం లేదా నీకు?"

"ఉంది బాబూ. నీ పని నువ్వు చూడు."

తలుపు విరగొచ్చు. కాలు జారొచ్చు. లారీ వెనక్కి దొర్లొచ్చు. ఇవన్నీ నేను రెండు రోజులుగా బెంచీమీద కూర్చుని చూసేసినవే. జారితే దేన్ని పట్టుకోవాలో, సంచి ఏ చేత్తో వదిలేయాలో కూడా అనుకుని ఉంచాను. ధైర్యం చెప్పేవాళ్ళు ఇంతవరకు ఆలోచించరు. నా భయాన్ని ఇంట్లో అందరూ రోగంలా చూశారు. అది చదువు. ముప్ఫై తొమ్మిదేళ్ళు చదివాను. పరీక్షకి ఇవాళ కూర్చున్నాను.

రెండోసారి తాడు పడింది. "ఇప్పుడు!" అన్నాడు నావికుడు, మోచెయ్యి పట్టుకోబోయాడు. ఆ అవసరం రాకముందే నేను గట్టుమీద ఉన్నాను.

రేవులో పికప్ బండి దగ్గర ఒకావిడ, తలకి ఉన్ని గుడ్డ కట్టుకుని, ఉత్తరాల సంచి ఎక్కిస్తోంది. నన్ను కిందనించి పైదాకా చూసి, ఊళ్ళల్లో అందరూ అడిగినట్టే అడిగింది. "ఎవరి మనిషివమ్మా?"

ఈ ప్రశ్నకి ఇన్నాళ్ళూ నాన్న పేరో, మొగుడి పేరో చెప్పాను.

"మిర్సిని టీచరు వాళ్ళ అమ్మని," అన్నాను. "బాగుందా అది? ఒంట్లో బాగుందా?"

"గుర్రంలా ఉంది. ఎక్కు. పైన ఊళ్ళో ఉంటుంది." బండి మలుపులు తిరుగుతుంటే ఆవిడే అంది, "పోయినవారం మీ డబ్బాకోసం ఆ పిల్ల చలిలో గంట నిలబడింది పాపం. ఓడ గట్టుకి కడితేగా! ఇవాళ్టిలాగే వచ్చి, రెండుసార్లు తిరిగి, అలాగే పోయింది."

జ్వరం, కొండ, ప్రోకోపిస్ అన్నీ తోచాయిగాని, ఇన్నేళ్ళు గాలి లెక్కలు విన్న మనిషికి ఓడ ఆగలేదేమోనని మాత్రం తోచలేదు. డబ్బాలు దిగనేలేదు, పిల్ల తీసుకోననలేదు. అర్గిరిస్‌కి తెలిస్తే నవ్వి నవ్వి చస్తాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ బండి ఆపమని అనలేదు. నేను రావడానికి ఆ డబ్బాలు ఒక సాకు. ఈ పని ఏప్రిల్‌లోనే చెయ్యాల్సింది.

మిర్సిని తలుపు తీసింది. చేతికి సుద్దపొడి. సన్నబడింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నన్ను చూసి, నా తడి బూట్లు చూసి, పక్కకి జరిగింది. లోపల ఒక మంచం, ఒక బల్ల, బల్లమీద పిల్లల పుస్తకాలు. కుర్చీ లాగి పెట్టింది. తను మంచం అంచున కూర్చుంది.

తిన్నావా అని అడగబోయి ఆగాను. చలిగా లేదా అని అడగబోయి ఆగాను. ఇవన్నీ నాకు బాగా వచ్చిన ప్రశ్నలు. ఇన్నేళ్ళుగా వాటి వెనక దాక్కున్నాను.

"ఆరోజు నేను తప్పు మాట్లాడాను," అన్నాను. "ఓర్చుకో అన్నాను. నేను ఓర్చుకున్నాను కాబట్టి నువ్వూ ఓర్చుకోవాలనుకున్నాను. క్షమించమని అడగడానికి రాలేదు. అది నీ ఇష్టం. ఆరోజు అడగాల్సింది ఒకటి అడగలేదు, అదడగడానికి వచ్చాను."

అది తల ఎత్తింది.

"ఆరోజు నాకు ఫోన్ చేసినప్పుడు ఎక్కడున్నావు?"

గాలికి కిటికీ తలుపు దడదడలాడుతోంది. మిర్సిని లేచి దాన్ని గట్టిగా బిగించింది. పుస్తకాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. కెటిల్ పొయ్యిమీద పెట్టి, నీళ్ళు మరిగేదాకా నాకు వీపు పెట్టి నిలబడింది. నేను ఏడవలేదు, లేచి సాయం చెయ్యబోలేదు. బయట వెలుగు పూర్తిగా పోయింది. నా ముందు కప్పు పెట్టింది. అందులోంచి ఆవిరి రావడం కూడా ఆగిపోయింది.

"బాత్రూంలో, అమ్మా," అంది. "గడియ పెట్టుకుని."