తేటగా వచ్చినంత

సీసాను నిటారుగా నిలబెట్టి నేటికి మూడో రోజు. నలభై ఏళ్లు పక్కవాటుగా పడుకున్న పోర్ట్ వైన్‌ను లేపితే, లోపలి మడ్డి అడుగుకు దిగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అతను హోటల్ నేలమాళిగలో వంగి, టార్చి వెలుగులో సీసాను చూశాడు. మడ్డి అడుగున బుద్ధిగా కూర్చుంది. తర్వాత తన కుడిచెయ్యి చాచి చూసుకున్నాడు. అది మాత్రం బుద్ధిగా లేదు.

ముప్పై నాలుగేళ్లుగా ఆ హోటల్లో పాత సీసాలు వంచేది అతనే. సీసా మెడ వెనుక కొవ్వొత్తి వెలిగించుకుని, ఎక్కడా ఆగకుండా ఒక్క వంపులో తేటను గాజు కూజాలోకి దింపాలి. మడ్డి పొగలా మెడదాకా వచ్చే క్షణాన ఠక్కున ఆపాలి. మధ్యలో చెయ్యి కదిలిందా, అన్నేళ్ల ఓర్పూ బురదపాలే. ఆ పనితనం వల్లే అందరూ అతన్ని కొవ్వొత్తి అంటారు.

అడుగున మిగిలిన మడ్డి అతని వాటా. గుడ్డలో వడకట్టుకుని, వంటింట్లో ఓ మూల నిలబడి రెండు చెంచాలు తాగుతాడు. నాలుక మీద గరగరలాడే ఆ రెండు చెంచాలే తప్ప తేట ఏనాడూ అతని గొంతు దిగలేదు. అయినా తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, వీధివాళ్ల దృష్టిలో అతను ఆరితేరిన తాగుబోతు. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని తెలిస్తే ఇక చెప్పాలా? అందుకే మూడు నెలలుగా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఇంట్లో అక్క మాత్రం ఈమధ్య అతని కప్పులో కాఫీ సగమే పోస్తోంది.

ఈ సీసా పళ్ల డాక్టరమ్మది. ఆవిడా, భర్తా క్లినిక్ తెరిచిన ఏడాది ఇలాంటివి రెండు కొని హోటల్లో దాచిపెట్టారు. క్లినిక్‌కి ఇరవయ్యో ఏట మొదటిది తాగారు. దాన్ని వంచింది అతనే, చుక్క మడ్డి రాకుండా. రెండోది నలభయ్యో ఏటికని అట్టే పెట్టారు. ఆ ఏడు వచ్చేసరికి భర్త లేడు. ఈ మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఇది చెడితే మరో సీసా లేదు.

"అన్నయ్యా, పట్టకారు ఎర్రబడి ఎంతసేపయిందో తెలుసా? కొత్త పెళ్లికొడుకులా ఆ నసుగుడేంటి?" అంది వంటావిడ పొయ్యి దగ్గర్నుంచి, అతను సీసాను వంటింట్లోకి తెచ్చి నిలబడగానే.

అంత పాత బిరడాను మర గుచ్చి లాగితే పిండి పిండి అవుతుంది. అందుకే కాలిన పట్టకారుతో సీసా మెడను పట్టి ఉంచి, వెంటనే తడిగుడ్డ చుట్టాడు. మెడ పైభాగం బిరడాతో సహా టక్కున ఊడింది. అక్కడికి గండం గడిచింది.

సీసాను కుదపకుండా డాక్టరమ్మ బల్ల దగ్గరికి తెచ్చి, కొవ్వొత్తి వెలిగించి వంచడం మొదలుపెట్టాడు. వయసుతో ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగిన వైన్ సన్నటి ధారగా కూజాలోకి దిగింది. సగం దిగాక మణికట్టు ఒక్కసారి ఎగిరింది. సీసాలో నల్లటి పొగ లేచి మెడవైపు రావడం అతనికొక్కడికే కనబడింది. డాక్టరమ్మ కూజానే చూస్తోంది. ఇంకాస్త దించినా అప్పటికప్పుడు ఆవిడకు తెలియదు, తర్వాత నేరం సీసా మీదికి నెట్టేయొచ్చు. ముప్పై నాలుగేళ్ల పరువు దక్కుతుంది.

అతను సీసా ఎత్తేశాడు.

"ఇంతేనమ్మా. సీసాలో ఇంకా సగముంది గానీ పనికిరాదు. నా చెయ్యి వణికింది. మూడు నెలల్నుంచీ వణుకుతోంది. తాగుడు వల్ల కాదమ్మా, ఒట్టు."

ఆవిడ తన చెయ్యి బల్ల మీద చాచింది. అది అతని చేతికంటే ఎక్కువ వణుకుతోంది.

"నేను క్లినిక్ ఎందుకు మూసేశాననుకున్నారు? ఇలాగే చెయ్యి ఎగిరిన రోజున, ఒకాయనకి పుచ్చిపన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేశాను. పాపం, ఆయన థాంక్స్ చెప్పి మరీ వెళ్లాడు. మీరే నయం, ఆపారు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఇంకో గ్లాసు తెచ్చుకుని కూర్చోండి."

"మేమిక్కడ కూర్చోకూడదమ్మా."

"అయితే నేనూ నిలబడే తాగుతాను" అంటూ ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. మోకాళ్లు కటకటమన్నాయి. ఆవిడను కూర్చోబెట్టడానికి అతను కూర్చోవలసి వచ్చింది. ఇన్నేళ్లుగా వచ్చినవాళ్ల కోసం వెనక్కి లాగిన ఆ కుర్చీ అంత మెత్తగా ఉంటుందని అతనికి తెలియదు.

అలవాటు కొద్దీ మడ్డి ఉన్న సీసావైపు చెయ్యి పోనిచ్చాడు. ఆవిడ ఆ చేతిమీద ఒక్కటి వేసి, కూజా ఎత్తి తనే పోసింది. తెల్లటి గుడ్డ మీద నాలుగు చుక్కలు ఒలికాయి.

"ఎవరు పోసినా ఇంతే లెండి" అంది.

అతను తాగాడు. మొదట ఎండుద్రాక్ష తీపి, దాని వెనకే వేయించిన బాదం వాసన, ఆ తర్వాత ఎప్పుడో మూసిన చెక్కపెట్టె మూత తెరిచినట్టు ఏదో పాత పరిమళం. మింగాక వెచ్చదనం మెల్లగా ఛాతీలోకి దిగి అక్కడే కాసేపు ఉంది. అతను ఆ రుచిని ఎంతో ఇష్టంగా, ఏ తొందరా లేకుండా అనుభవించాడు.

"ఎలా ఉంది?"

పెద్దపెద్ద మాటలు చాలానే విన్నాడు ఈ బల్లల దగ్గర. వాటిలో ఒక్కటీ సరిపడేలా కనిపించలేదు.

"నాలుకకి ఏమీ అడ్డం రావట్లేదమ్మా."

"మా ఆయనుంటే ఈపాటికి మూడో గ్లాసులో ఉండేవాడు. ఆగడం చేతకాని మనిషి" అంది ఆవిడ, కిటికీలోంచి వీధిని చూస్తూ. "రెండో సీసా నలభయ్యో ఏటికన్నది మాత్రం ఆయనే."

కూజా ఖాళీ అయ్యేవరకూ ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ పళ్ల గురించి చెప్పింది, అతను బిరడాల గురించి చెప్పాడు. తర్వాత ఆవిడను చెయ్యిపట్టి కారుదాకా దింపి, లోపలికి వచ్చి అప్రాన్ విప్పి మడతపెట్టాడు. హోటల్ యజమానురాలి గదికి వెళ్లాడు. ఆమె గౌన్లు వేసుకునే వయసు నుంచీ అతనికి తెలుసు.

"రేపట్నుంచి రానమ్మాయ్. చెయ్యి వణుకుతోంది."

ఆమె తల ఎత్తి, గాలిలో వాసన పట్టింది. "బాబాయ్, తాగావా?"

"తాగాను. ఇవాళే" అన్నాడతను. జన్మలో మొదటిసారి ఆ మాట నిజమైనందుకు అతనికి గర్వంగా కూడా ఉంది.

ఆమె కుర్చీలోంచి లేచి, అతని రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు. అతను వెనక ద్వారం గుండా ఎండలోకి వెళ్లాడు.

కిటికీ పక్క బల్ల మీద, ఇన్నేళ్లలో కడగకుండా అతను వదిలి వెళ్లిన మొదటి గ్లాసు అలాగే ఉంది, అంచున పెదవి గుర్తుతో, అడుగున ఇటుక రంగులో ఒక్క చుక్కతో.