కార్డుల పెట్టెలో లేని పేరు

ఆ వీధిలో ఆమెని అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. నిజానికి ఆమె డాక్టరు కాదు, కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చే మనిషి. "నేను డాక్టర్ని కాదండీ" అని మొదట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పి చూసింది. వాళ్ళు "అలాగేనండీ డాక్టరమ్మగారూ" అని తలూపేవాళ్ళు. నోరు నొప్పెట్టడం తప్ప ఒరిగేదేమీ లేదని ఊరుకుంది.

పని దగ్గర మాత్రం మహా చాదస్తం. వచ్చిన ప్రతి మనిషికీ ఒక కార్డు రాస్తుంది. పేరు, వయసు, చేసే పని, ఇబ్బంది ఎప్పట్నుంచి, తలనొప్పి ఉందా, ఇంట్లో ఎవరికైనా చూపు పోయే జబ్బు ఉందా... ఇలా మొత్తం పన్నెండు ప్రశ్నలు. పన్నెండూ అడగందే ఎవర్నీ మిషను దగ్గర కూర్చోబెట్టదు. ఓసారి రిటైరైన మాస్టారొకాయన, "అమ్మా, నాకు పేపరు చదువుకోడానికి అద్దాలు కావాలి, పెళ్ళి సంబంధం కాదు" అని విసుక్కున్నాడు. విసుక్కున్నా వదల్లేదు. కంటి ఒత్తిడి చూస్తే ఎక్కువగా ఉంది. ఆ పూటే పెద్దాసుపత్రికి పంపింది. మాస్టారి చూపు నిలబడింది. అప్పట్నుంచీ ఆయన వీధిలో ఎవరు కళ్ళు నులుముకున్నా చెయ్యి పట్టుకుని ఆమె కొట్టుకి లాక్కొస్తున్నాడు.

కొట్టు పెట్టి తొమ్మిదేళ్ళు. ఏటా కొట్టు తెరిచిన తేదీన బోణీ తండ్రిదే. అది వాళ్ళిద్దరి మధ్యా పడిపోయిన అలవాటు. పొద్దున్నే ఆయన రావాలి, కుర్చీలో కూర్చోవాలి, ఒక కన్ను మూసుకుని చార్టు మీద అక్షరాలు పైనుంచి కిందదాకా చదవాలి. ఆమె "ఫస్టు క్లాసు" అనాలి. ఆయన తను కుట్టి తెచ్చిన కొత్త తెల్లకోటు ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోవాలి. అంతా కలిపి రెండు నిమిషాల పని. సొంత తండ్రికి కార్డేమిటి, పన్నెండు ప్రశ్నలేమిటి?

తండ్రి టైలరు. నలభై ఏళ్ళపాటు ఊళ్ళో వాళ్ళ కోట్లు, చొక్కాలు కుట్టాడు. కూతురు ఈ చదువు చదివే రోజుల్లో సాయంత్రం కుట్టుమిషను మూసేశాక ఆమెకి పేషెంటు కూడా ఆయనే. బీరువా తలుపుకి చార్టు తగిలించి, ఆమె పన్నెండు ప్రశ్నలూ అడిగేది. ఆయన ఒకరోజు లారీ డ్రైవరు, ఒకరోజు సంగీతం టీచరు, ఒకరోజు కోర్టు గుమాస్తా. "ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బు ఉందా?" అంటే, "మా మేనత్తకి ఒంటికన్నండీ, రెండోది అత్తారింట్లో మర్చిపోయొచ్చింది" అనేవాడు. వంటింట్లోంచి తల్లి నవ్వే నవ్వు ముందుగదిదాకా వినబడేది. ఆ తల్లి పోయి మూడేళ్ళయింది. తండ్రి ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటున్నాడు. రమ్మంటే, "నా మిషను చప్పుడు మీ ఇంట్లో ఎవరు భరిస్తారు తల్లీ" అంటాడు.

ఆ ఏడు బోణీకి ముందు కొట్టుకి రంగులు వేయించింది. రంగులవాళ్ళు జాగ్రత్తగా చేస్తామని చెప్పి, అంత జాగ్రత్తగానూ ఆమె చదువుకునే రోజుల్నాటి పాత చార్టు మీద డబ్బా ఒలకబోశారు. దాన్ని తీసి బల్లకింద పడేసి కొత్తది తగిలించింది. అదే సైజు, అదే వరసలు, అక్షరాలు మాత్రం వేరు.

తండ్రి వచ్చేసరికి బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మంలో ఎడంభుజం తగిలించుకుని, "తలుపు సన్నగా అయిందేమే" అంటూ లోపలికొచ్చాడు. ఆమె నవ్వింది. పోయిన ఏడాది కుట్టిచ్చిన కోటే వేసుకుని ఉంది. దాని ఎడమ జేబు కుడిదానికంటే రెండు వేళ్ళు కిందకి ఉంటుంది. ఇచ్చినప్పుడే చూసింది. "కొత్త ఫ్యాషనా నాన్నా?" అని వేళాకోళం ఆడితే, "అవునే" అని ఆయనా నవ్వేశాడు. ఆ జేబులో పెన్ను పెట్టుకుని ఏడాదిపాటు ఊళ్ళో వాళ్ళ కళ్ళు పరీక్ష చేసింది.

"కూర్చో నాన్నా. త్వరగా కానిచ్చేద్దాం, వాళ్ళు వెయిటింగ్."

కుడికన్నుకి మూత పెట్టింది. ఆయన నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "గ. ర, మ. స, న, వ..." ఎక్కడా తడుముకోలేదు. చిట్టచివరి వరస, మంచి చూపున్న కుర్రాళ్ళు కూడా ముందుకి వంగి చదివేది, "ద, న, క, ట, ప, ల" అని గడగడా అప్పజెప్పాడు.

ఆమె అలవాటుగా "ఫస్టు క్లాసు" అనబోయి చార్టుకేసి చూసింది. ఆ వరసలో అసలు 'ద' లేదు. అన్నిటికన్నా పైనున్న మొదటి అక్షరం 'గ' కూడా కాదు. నాన్న ఆట పట్టిస్తున్నాడనుకుంది, పెదవి మీదకి నవ్వు కూడా వచ్చింది. ఆయన మొహంలో ఆట లేదు. పాఠం అప్పజెప్పేసిన పిల్లాడిలా మెప్పు కోసం చూస్తున్నాడు. అదీ ఆమె నిలబడిన చోటికి కాదు, కొంచెం పక్కకి.

ఆమె మూత తీసి ఎడమకన్నుకి పెట్టింది. ఆయన మళ్ళీ "గ" అనబోయి ఆగిపోయాడు. కుడికంటితో చార్టుని పైనుంచి కిందకి మెల్లగా చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"చార్టు మార్చావా తల్లీ?"

"ఎప్పట్నుంచి నాన్నా?"

"ముందు వాళ్ళని చూసి పంపించు. పాపం, కూర్చుని ఉన్నారు."

"ఎప్పట్నుంచి?"

"ఎడమది మసకేయడం మొదలై నాలుగైదేళ్ళుంటుంది. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ సూదిలో దారం ఎక్కించేది. ఇప్పుడు చేత్తో తడిమి కుట్టేస్తున్నా." ఆయన తప్పు చేసినవాడిలా నవ్వాడు. "ఆ రోజుల్లో నువ్వు చదివించిందేగా, చార్టంతా కంఠతా వచ్చేసింది. ఏడాదికోసారి నీ దగ్గర కూర్చునే రెండు నిమిషాలు, అందులో కూడా నీకు దిగులు పెట్టడమెందుకని..."

రెండు నిమిషాలు. మాస్టారికి ముప్పావుగంట ఇచ్చిన మనిషి తండ్రికి రెండు నిమిషాలిచ్చింది. కంటి ఒత్తిడి చూసే మిషను ఆయన కూర్చున్న కుర్చీకి చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. తొమ్మిదేళ్ళలో ఆయన గడ్డం ఒక్కసారి కూడా దాని మీద ఆనలేదు.

బెంచీ మీది ఇద్దరినీ సోమవారం రమ్మని, ఆ పూటే కొట్టు మూసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి కళ్ళ డాక్టరు పెద్దావిడ, పొదుపుగా మాట్లాడే మనిషి. మందు వేసి, దీపం పెట్టి, చాలాసేపు చూసింది. ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతిన్నదని చెప్పింది. ఎడమకన్ను ఇక రాదు. కుడికన్ను పక్కచూపు కొంత పోయింది. రోజూ చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలబెట్టుకోవచ్చు. అన్నీ కూతురికి ముందే తెలిసిన మాటలు. ఇదే సంగతి ఎందరికో తనే మెల్లగా, నచ్చజెప్పే గొంతుతో చెప్పింది. వినడం ఇంత కష్టమని ఆమెకి ఆ రోజే తెలిసింది.

"మీ దగ్గర్నుంచి వచ్చే కార్డులు చూస్తుంటానమ్మా, చాలా వివరంగా ఉంటాయి" అంది డాక్టరు. "ఈయన పాత కార్డు తెచ్చారా?"

"హడావుడిలో మర్చిపోయాను" అంది ఆమె. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది.

"ఇన్నేళ్ళూ ఎవరూ ఒత్తిడి పరీక్ష చెయ్యలేదా?"

ఆమె నోరు తెరిచేలోపే తండ్రి అందుకున్నాడు. "తప్పంతా నాదేనండీ. మా అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది, ఆ మిషను దగ్గర నేనే కూర్చోలేదు. ముసలితనంలో మొండితనం."

డాక్టరు ఆయన్ని నాలుగు చివాట్లు పెట్టింది. "కూతురు ఇదే పనిలో ఉండి కూడా ఇలా చేసుకున్నారంటే ఏమనాలి మిమ్మల్ని?" ఆయన బుద్ధిగా తలూపుతూ కూర్చున్నాడు. కాదు, నేనే చూడలేదు అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. డాక్టరు ముందు తల కొట్టేసినట్టవుతుందని ఊరుకుంది. డెబ్భై ఏళ్ళ మనిషి తన కోసం చివాట్లు తింటుంటే పక్కన కూర్చుని వింది. కన్ను పోగొట్టడమే కాదు, ఆ నిందని కూడా ఆయన చేతే మోయించింది.

లేవబోతుండగా డాక్టరు, "ఇది రక్తసంబంధంలో వచ్చే జబ్బు, మీకు తెలియనిది కాదు. మీరూ చూపించుకుంటున్నారుగా?" అంది. ఆమె తలూపింది. అది రెండో అబద్ధం.

మర్నాడు ఆదివారం. కొట్టుకి సెలవు. తండ్రిని తీసుకొచ్చి తలుపు లోపల్నుంచి గడియ పెట్టింది. ఆసుపత్రిలో అన్నీ అయ్యాయి కదా, మళ్ళీ ఎందుకని ఆయన గొణిగాడు. ఆమె ఆయన్ని వీధిలోంచి వచ్చిన కొత్త మనిషిని కూర్చోబెట్టినట్టు బల్లకి ఎదురుగా కూర్చోబెట్టి, పెట్టెలోంచి ఖాళీ కార్డు తీసింది. ఆ పెట్టెలో మాస్టారి కార్డుంది, రంగులవాళ్ళ మేస్త్రీ కార్డుంది, ఓసారి దారి అడగడానికి వచ్చి దొరికిపోయిన పోస్టుమాన్ కార్డు కూడా ఉంది.

"డాక్టరుగారి దగ్గర నువ్వెందుకలా చెప్పావు?" అంది తల ఎత్తకుండా.

"నీ దగ్గరికి నలుగురూ నమ్మి వస్తారు. ఆ నమ్మకం పోకూడదు."

"నేను నోరు మూసుకుని కూర్చున్నాను నాన్నా."

"కూర్చోనీలే. నేనూ తొమ్మిదేళ్ళు నీకు అబద్ధమే చదివాను."

"నాలుగేళ్ళేగా అన్నావు?"

"నాలుగేళ్ళు కనబడక. అంతకుముందు కూడా చార్టుకేసి ఎప్పుడు చూశాను? నోటికొచ్చిందని అప్పజెప్పేసేవాణ్ణి. నువ్వూ అంతే, నాకేసి చూసేదానివి కాదు, వాచీకేసి చూసేదానివి."

ఆయన దెప్పిపొడుపుగా అనలేదు, జరిగింది చెప్పాడంతే. అందుకే అది ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కార్డు ముందుకి లాక్కుంది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. పేరు, వయసు, పని. "పని, టైలరు. లారీ డ్రైవరు కాదు" అన్నాడాయన. ఈసారి నవ్వడానికి వంటింట్లో ఎవరూ లేరు. ఎనిమిదో ప్రశ్న దగ్గరికి వచ్చింది.

"ఇంట్లో ఎవరికైనా చూపు పోయే జబ్బు ఉందా?"

ఆయన బల్ల అంచుని బట్ట కొలిచినట్టు బొటనవేలితో కొలుస్తూ కూర్చున్నాడు.

"మా నాన్నకి. అరవై దాటేసరికి గోడ పట్టుకుని నడిచేవాడు."

ఆమె తలెత్తింది. తాతగారు ఆమె పుట్టకముందే పోయారు. ఆయన చూపు సంగతి ఇంట్లో ఒక్కరూ ఎప్పుడూ అనలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు? రోజూ అడిగేదాన్నిగా. మేనత్త కన్ను గురించి చెప్పావు గానీ..."

"నువ్వు ఈ చదువు చదువుతానన్న రోజునే చెబుదామనుకున్నా. చెబితే నా కళ్ళ కోసం చదవాలనుకుంటావేమోనని భయపడ్డా. నీకిష్టమై చదివావన్న తృప్తి నాకు కావాలి. తర్వాత చెబుదామంటే మొహం చెల్లలేదు." ఆయన గొంతు తగ్గింది. "మగవాళ్ళకే వస్తుందనుకున్నా. అది నీక్కూడా రావచ్చని నిన్న ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు తల్లీ. రాత్రంతా అదే."

ఆమె 'తండ్రికి' అని రాసింది. కార్డంతా నింపి పెట్టెలో పెట్టింది.

"మరి నీ కార్డేదీ?" అన్నాడాయన.

నిజమే. ఇన్నాళ్ళూ ఆ పెట్టెలో ఇద్దరికి కార్డు లేదు. ఆమె ఇంకోటి తీసి తన పేరు రాసుకుంది. మిగతా ప్రశ్నలు ఆయనే అడిగాడు. పన్నెండూ ఆయనకి కంఠతా వచ్చు. ఎనిమిదోదాన్ని కూడా దాటెయ్యలేదు, అడిగాడు. ఆమె 'తండ్రికి, తాతకి' అని రాసింది.

తర్వాత ఆమె కంటి ఒత్తిడి మిషను ముందు కూర్చుని గడ్డం ఆనించింది. అవతలి వైపు ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన వేలు పట్టుకుని మీట మీద పెట్టింది. "నేను చెప్పినప్పుడు నొక్కు." ఆయన నొక్కాడు. గాలి చురుక్కున ఎడమకంటికి తగిలింది. కింద చిన్న కాగితం చీటీ బయటికొచ్చింది. ఆయన దాన్ని తడిమి తీసుకుని, కుడికంటికి దగ్గరగా పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"పద్దెనిమిది. మంచిదేనా?"

"మంచిదే నాన్నా. ఇరవై ఒకటిదాకా ఫరవాలేదు."

అక్కడితో లేచిపోవచ్చు. ఇన్నేళ్ళూ అలాగే లేచింది. నాన్న మాట మీద నమ్మకమే నాన్నకిచ్చే గౌరవమనుకుంది. ఇప్పుడు ఆ చీటీ ఇటివ్వమని అడగాలంటే నోరు రావడం లేదు. ఆయనే చీటీని బల్ల మీదుగా ఆమె ముందుకి తోశాడు.

"నువ్వే చూసుకో. ఇకమీదట నా మాట మీద వదిలెయ్యకు."

ఆమె చీటీ చేతిలోకి తీసుకుని దీపం కింద పెట్టి చూసింది. పద్దెనిమిదే. చూస్తున్నంతసేపూ ఆయన తల దించుకోలేదు.

"సరిగ్గానే ఉంది నాన్నా."

"రెండో కన్ను," అన్నాడాయన, వేలితో మీట కోసం మళ్ళీ తడుముకుంటూ.