రెక్కల దుమ్ము

బుధ్రిని జబ్బ పట్టుకుని గేటు బయటికి నెట్టిండు భానుప్రసాద్ సేటు. నేను కళ్లారా చూసిన. ఊపిరి అందక నోరు తెరుచుకుని నిలబడ్డది మాతోటి పనిచేసే ఆ పిల్ల. "టీబీది! అందరికీ అంటిస్తది," అని వాచ్‌మన్‌తో అంటుండు. టీబీ వాడి మొహం!

సరిహద్దు అవతల కోంట దగ్గర దసలి పట్టు, అదే అడవి పట్టు, పురుగుల గుడ్లు తీసే షెడ్డు అది. తొలకరి పడంగనే పట్టుకాయల్లోంచి రెక్కల పురుగులు బిలబిలా వస్తయ్. రెక్కలు కత్తిరించి, గుడ్లు పెట్టే డబ్బాల్ల ఎయ్యాలె. అది మా ఆడోళ్ల పని. కత్తెర పెట్టినప్పుడల్లా రెక్కల మీది పొడి లేస్తది. పురుగులు ఎగిరిపోతయని సేటు కిటికీలకు ప్లాస్టిక్ పరదాలు కొట్టించిండు. ఇగ ఆ పొడి ఎటు పోతది? మా ముక్కుల్లకే.

"కిటికీలు తియ్యి సేటూ," అంటే నవ్విండు. "అడవోళ్లు, ఎర్రచీమల పచ్చడి తినేటోళ్లు, మీకు పురుగు పడదా? ఏందే ఈ నాటకం?"

భద్రాచలం ఆస్పత్రిల డాక్టరమ్మ బుధ్రికి పరీక్షలు చేసి సాఫ్ చెప్పింది. టీబీ లేదు, పురుగుల పొడి పడక ఉబ్బసమొచ్చింది, మళ్ల ఆ షెడ్డుల అడుగు పెట్టొద్దన్నది. అడుగు పెట్టకుంటే పిల్లలకు ఏం పెట్టాలె? బుధ్రి సేటును బతిమాలుకుని పనిలకొచ్చింది. "దగ్గు వినబడ్డదో, మళ్ల గెంటేస్త," అన్నడు.

అందుకే పాట పట్టినం. ఎవరికి దగ్గొచ్చినా తక్కినోళ్లం గొంతెత్తి రేల పాట అందుకునేటోళ్లం. దగ్గు అందుల కలిసిపోయేది. మేం శానా తెలివిగలోళ్లమనుకున్నం, చూడుండ్రి!

ఆ పొద్దు బుధ్రి దగ్గింది. పాడినం. ఆగలే. ఇంకా గట్టిగ పాడినం. తిరిగి చూసేసరికి డబ్బాల మీద ఒరిగి ఉంది, పెదాలు నల్లబడ్డయ్. బయటికి మోసుకొచ్చేలోపే నా చేతుల్లనే పోయింది. అయ్యో నా తల్లీ, దాచుదామని చంపుకున్నమే!

సేటు ఉరికొచ్చిండు. "టీబీతో పోయింది. తీస్కపోయి పూడ్చుండ్రి. మిగతోళ్లు లోపలికి నడువుండ్రి, పురుగులు ఆగవు."

మాలో పెద్దది దేవే అత్త లేచింది. "పురుగులు ఆగవు. మేం ఆగుతం."

"పని పోతదత్తా," అన్నది ఒకామె.

"పోలీసోళ్లు అడవిల అన్నల మనుషులని ముద్దర కొడ్తరు," అన్నది ఇంకొకామె.

"ఊపిరే పోయినంక ఏ ముద్దరైతే ఏంది?" అన్నది అత్త. కత్తెరలు చేతుల్లనే ఉన్నయ్. పరదాలు చీరేసినం. ఇంకా రెక్కలు కత్తిరించని పురుగులు గుంపులు గుంపులుగ మద్ది చెట్ల దిక్కు లేచిపోయినయ్. సేటు నెత్తి కొట్టుకుంటుంటే నా కడుపు కొంచెం చల్లబడ్డది, అబద్ధమెందుకు!

పోలీసు జీపొచ్చింది. "లీడర్ కౌన్ హై? లాశ్ ఉఠావ్, ఘర్ జావ్," అని గద్దించిండు ఠాణా దరోగా. లీడర్ ఎవరంట, శవాన్ని లేపుకుని ఇండ్లకు పోవాల్నంట.

"పోస్టుమార్టం చెయ్యాలె. దేంతో సచ్చిందో రాయాలె. ఈ సేటు మీద కేసు కట్టాలె. అప్పుడు పోతం," అన్నది దేవే అత్త. ఆమెను జీపుల పడేసి పోయిండ్రు.

బుధ్రిని నులకమంచం మీద పండబెట్టి భుజాలకెత్తినం. ఎడమకు పోతే ఊరు, కుడికి పోతే ఠాణా. కుడికి తిరిగినం. దారి పొడుగునా సంతకొచ్చిన జనం ఆపి, ఎవరు పోయిండ్రని అడుగుతున్నరు.

"బుధ్రి. టీబీతో కాదు. సేటు షెడ్డు చంపింది."

అడిగినోళ్లు గంపలు దించి, మంచం వెనక నడిచిండ్రు.