నీటితో నడిచినవాడు

కాలువ నీటి వంతులు చూసే లస్కరు ఇనుప చక్రాన్ని పదకొండోసారి తిప్పి ఆపాడు. తూము తలుపు జానెడు లేచింది. బీటలు వారిన పిల్లకాలువలోకి నీరు ముసలి ఎద్దులా, ప్రతి బీటనూ వాసన చూస్తూ దిగింది.

పొద్దు గుంకగానే తలుపు మూయాలి. ఆ తరువాత ఈ పంటకు ఇక నీళ్ళు లేవు. కాలువ చివర ఉన్న వదిన చేను పాలు పోసుకుంటోంది. ఈ ఒక్క తడి అందితే గింజ, అందకపోతే తాలు. వదిన అంటే చనిపోయిన భార్యకు అక్క.

ఆయన గట్టెక్కి నీటి మొదట్లోని నురగతో సమానంగా నడిచాడు. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి. చివరి మడికి వదిలిన నీటికి మనిషి తోడు వెళ్ళాలి. తోడు లేకపోతే దారి పొడుగునా దానికి చుట్టాలు పుట్టుకొస్తారు.

చూసేవాళ్ళకు ఆ మైదానం అరచేయిలా చదును. మైలుకు బెత్తెడు పల్లం ఉందని ఆయన మడమలకు తెలుసు. ఒకప్పుడు నది ఇటే పారేది. నిలువెత్తు తవ్వితే నల్లమట్టి కింద ఇసుక, ఇసుకలో ఆల్చిప్పలు. నది పక్కకు పోయాక, ఒక కరువులో, గింజలే కూలిగా జనం ఈ కాలువ తవ్వారు. తవ్వినవాళ్ళకు చివరి పొలాలు దక్కాయి. గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకు మొదటివి దక్కాయి. ఈ ముక్క బడిలో ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడో వంతెన దగ్గర నురగ ఆగిపోయింది. ఆయన పళ్ళు కొరుకుతూ వెనక్కి నడిచాడు. బావమరిది చేను దగ్గర, గట్టు అంచున గడ్డిమోపు వేసుకుని బావమరిది దాని మీద కూర్చున్నాడు.

"లేవరా."

"కాళ్ళు లాగుతుంటే కూర్చున్నా బావా."

"నీ కింద నీళ్ళు కారుతున్నాయి. ఈ వయసులో పక్క తడుపుతున్నావా?"

బావమరిది లేచాడు. మోపు కింద మూరెడు గండి. "ఒక్క గంట. నాదీ చేనేగా."

"గంట తీసుకెళ్ళి నీ ఎద్దు మెడలో కట్టు. నీకు పోయిన వంతులో రోజంతా పారింది. పంపకాల్లో పెద్దక్కకు చివరి చేను అంటగట్టావు. ఇప్పుడు దాని గొంతు కూడా తడవనివ్వవా?"

"చిన్నక్క పోతూ పోతూ నన్ను క్షమించింది. మధ్యలో నీకేంటి?"

"ఆవిడ మంచితనం ఆవిడతోనే పోయింది. నాకేం రాసివ్వలేదు. పార ఇటు తే."

గండి ఆయనే పూడ్చాడు. ఎడమచెయ్యి బరువెక్కి వేళ్ళు తిమ్మిరెత్తాయి. చెయ్యి విదిలించి మళ్ళీ మట్టెత్తాడు. బావమరిది చేతులు కట్టుకుని చూశాడు. వాళ్ళ వంశానికి అది అలవాటే.

నురగ మళ్ళీ కదిలింది. ఆ తరువాత ఆయన రెండుసార్లు కూర్చున్నాడు, రెండుసార్లూ తనను తాను తిట్టుకుని లేచి నురగను అందుకున్నాడు. చివరి మడి చేరేసరికి ఎండ పసుపెక్కింది. గట్టు మీద వదిన నిలబడి ఉంది.

"వచ్చావా మరిదీ? నీళ్ళేవీ?"

"నాతోనే వస్తున్నాయి. మడవ తియ్యి."

"మొహం అలా పాలిపోయిందేంటి? కాసిని మంచినీళ్ళు తాగు."

"ముందు చేను తాగనీ."

ఆవిడ పారతో గట్టు మట్టి లాగి మడవ తీసింది. నెర్రెల్లోకి నీరు గుటకలు వేస్తున్నట్టు దిగింది. ఆయన చెప్పులు విప్పి, గట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. వదిన మడి చుట్టూ తిరిగి, నాలుగో మూలకూ తడి అందిందని చెప్పడానికి వచ్చింది. చెప్పింది కూడా. ఆయన నీటివైపే చూస్తున్నాడు. ఆవిడ ఇంకోసారి చెప్పబోయి, రెప్పలు కదలడం లేదని గమనించింది.

కబురు కాలువ వెంట పైకి పాకింది. పైపొలాల వాళ్ళంతా పారలు పడేసి వచ్చారు. ఆయన్ని మంచం మీద వేసి ఎత్తితే, కాళ్ళవైపు బావమరిది భుజం పెట్టాడు. పొద్దు గుంకింది. తలుపు మూయవలసిన మనిషి మంచం మీద ఉన్నాడు. గండి కొట్టవలసినవాళ్ళు మంచం మోస్తున్నారు. తెల్లవారేసరికి చివరి చేలు అన్నీ తడిశాయి.

ఆయన విప్పిన చెప్పులను అక్కడినుంచి ఎవరూ తీయలేదు. ఏటవాలు గట్టు మీద నడిచి నడిచి కుడిచెప్పు మడమ ఒకపక్కే కాగితంలా అరిగింది. ఆ అరిగిన గుంటలో కాస్త నల్లమట్టి, ఇంకా తడిగానే ఉంది.