ఆరిజోనా, నాలుగు ముక్కలు

పొగమంచు.

లండన్‌లో 1917 ఫిబ్రవరి పొగమంచుకు బొగ్గు వాసన. కిటికీ అద్దం చెమర్చింది. ఆ చెమ్మ మీద సెసిలీ వేలితో అంకెలు రాస్తోంది.

ఆ వేలిని చూస్తే నాకు ఒళ్ళుమంట.

జర్మన్ల తంతి సందేశాలను దొంగచాటుగా పట్టి చదవడం మా గది పని. వాళ్ళు మాటకు బదులు అంకె పంపేవారు. ఏ అంకె ఏ మాటో మేం కనిపెట్టాలి. నేను రెండేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. సెసిలీ వచ్చి మూడు నెలలు. పని నేర్పింది నేనే... అయినా అంకెలు ఆమె మాటే వినేవి.

ఆ వారం బెర్లిన్ నుంచి మెక్సికోకు వెళ్తున్న సందేశం ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. చాంతాడంత ఉంది. తీసుకెళ్ళి సెసిలీ ముందు పడేశాను.

"చదువుకో తల్లీ, నీకు తీరికెక్కువగా!"

"ఇంత పొడుగా! నీకు బొత్తిగా దయలేదే హెస్టర్," అని నవ్వింది.

నిజమే, లేదు. ఆమె ఓడిపోవాలనే ఇచ్చాను.

మూడో రోజు — టీ చల్లారిపోతోంది — అద్దం మీద అంకెల గుంపులు నాలుగు.

"ఇలా రావే! ఈ మాట వాళ్ళ అంకెల పుస్తకంలో లేదు. అందుకే ముక్కలు చేసి పంపారు. ఆర్... ఇజ్... ఓన్... ఆ."

ఆరిజోనా. అమెరికా మీద యుద్ధానికి మాతో రా, నీ చేజారిన ఆ నేల తిరిగి నీకే ఇప్పిస్తాం — అని మెక్సికోకు జర్మనీ ఆశపెడుతోంది.

కాగితం పెద్దల గదికి నేనే తీసుకెళ్ళాను.

"ఎవరు విప్పారు?" అన్నారు.

నేను మాట్లాడలేదు.

"భేష్, మిస్ లాంబర్న్," అన్నారు. నా పేరు రాసుకున్నారు.

మార్చిలో పత్రికలన్నీ ఆ సందేశమే. కనిపెట్టింది అమెరికా గూఢచారులని పొగిడాయి. మేం నోరు విప్పకూడదు. విప్పితే జర్మన్లు అంకెలు మార్చేస్తారు. మేమిద్దరం అద్దెకుండే ఇంటి యజమానురాలు పత్రిక ఊపుతూ దెప్పింది.

"అమెరికావాళ్ళెంత గడుసువాళ్ళో చూడండమ్మా! మీరేమో ఆఫీసులో పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు."

సెసిలీ రొట్టె మీద మార్మలేడ్ రాసుకుంటూ కూర్చుంది.

ఆ పూట నేను రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆగస్టులో వాళ్ళ సైనికులు మా వీధుల్లో కవాతు చేశారు. జనం కేకలు... పక్కన సెసిలీ.

"వీళ్ళలో ఎంతమంది తిరిగి వెళ్తారో," అంది. నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు అద్దం మీద చూసింది నువ్వొక్కదానివే హెస్టర్. కొన్నేళ్ళు పోతే నాకే నమ్మకం ఉండదేమో. నువ్వు మాత్రం మరిచిపోకే."

సాక్షిని నేనా!

ఆమెకు రావాల్సిన పేరు కొట్టేశాను. అయినా కడుపుమంట చల్లారలేదు. ఆ నాలుగు ముక్కలు కలిసిన క్షణాన ఆమె ముఖంలో వచ్చిన వెలుగు... అది నాకెవరిస్తారు?

నవంబరు. మళ్ళీ పొగమంచు, బొగ్గు వాసన. చెమర్చిన అద్దం మీద వేలితో ఆమె పేరు రాయబోయాను. ఒక్క అక్షరం పడింది.

వెనుక తలుపు చప్పుడు. ఆనాడు నా పేరు రాసుకున్న పెద్దాయన.

"ఏం రాస్తున్నారు, మిస్ లాంబర్న్?"

తుడిచేద్దామని చెయ్యెత్తాను.

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. అక్షరం నెమ్మదిగా కారుతోంది...