కల్ వాలా తూటాలు

ద్వీపంలో వండూర్ దగ్గర కలప కాంట్రాక్టరు ఏనుగొకటి మదమెక్కి గొలుసు తెంపుకుని అడవిలో పడింది. మావటిని చంపింది. కొత్తగా పట్టాలిచ్చిన పొలాల్లో వరి అంతా తొక్కింది. కాల్చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఆ చుట్టుపక్కల పెద్ద రైఫిలు పట్టడం తెలిసినవాడు పటాలంలో చేసి వచ్చిన గవరయ్య ఒక్కడే. కాంట్రాక్టరు రైఫిలైతే ఇచ్చాడు గానీ తూటాలు నిండుకున్నాయి. కొత్తవి తేవలసిన ఓడ మద్రాసు దాటలేదు. గవరయ్య పేలిపోయిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, మందు దట్టించి, గుళ్లు తనే బిగించుకున్నాడు.

అతని భార్య యర్రమ్మకు ఏనుగు కంటే ఆ తూటాలంటేనే దడ.

"దాని ఎదర నిలబడ్డాక పేలకపోతే ఏటి సేత్తావు మావా?"

"అందుకే గదే, ఇయాల కొన్ని పేల్చి సూత్తాను."

తూటాలు రెండు డబ్బాల్లో ఉన్నాయి. నిన్న పొయ్యి పక్కన కూర్చుని దట్టించినవి పరీక్షకు. చెయ్యి తిరిగిందనుకున్నాక, ఈ పొద్దున్న వసారాలో మరింత శ్రద్ధగా దట్టించినవి రేపటి వేటకు.

పెరటి వెనక మట్టిగట్టుకు గురిగా గోనె కట్టి, గవరయ్య బుధువాతో హిందీలో మాట్లాడుతున్నాడు. బుధువా రాంచీ మనిషి, అడవిలో జాడలు పట్టేవాడు. ఆ మాటల ఊపులోనే ఇంట్లోకి కేకేశాడు.

"ఒలే, కల్ వాలా డబ్బా అట్టుకురా."

హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. యర్రమ్మకు ఆ మాట నేర్పింది రేషను దుకాణంవాడు. బియ్యం అడిగినప్పుడల్లా "కల్ ఆవో" అని తిప్పేవాడు. కాబట్టి ఆమె లెక్కలో కల్ అంటే రేపే. రేపటి డబ్బా తెచ్చి ఇచ్చింది.

మొదటిది దద్దరిల్లేలా పేలింది. చిలకలు గోలగా లేచాయి. రెండోదానికి టిక్కుమంది, అంతే. గవరయ్య గురి కదల్చలేదు. ఊపిరి పీల్చి వదిలేంత సేపయ్యాక ఢామ్మంది.

"మందు సెమ్మగిల్లింది. పొయ్యి పక్కన దట్టించినవి ఎలా సెమ్మగిల్లాయే?"

"అయ్యెందుకు తెత్తాను? రేపటివి గదా తెమ్మన్నావు."

"నిన్నటివి తెమ్మన్నాను."

"కల్ అన్నావు."

బుధువా పగలబడి నవ్వాడు. "దీదీ గలత్ లాయీ, అచ్ఛా కియా." అక్క తప్పువి తెచ్చి మంచిపని చేసిందట.

గవరయ్య నవ్వలేదు. పొద్దున్న జల్లు పడుతుంటే వసారాలో మందు డబ్బా మూత తీసి పెట్టుకుని కూర్చున్నది అతనే. ఏనుగు మీదికొస్తుంటే ఆ టిక్కు వినబడితే ఎలా ఉంటుందో తలచుకుని, ఆ డబ్బా పక్కకు నెట్టేశాడు. నిన్నటివి తెప్పించి కొన్ని పేల్చి చూశాడు. ఒక్కటీ ఆలస్యం చెయ్యలేదు.

"మిగిలినయ్యి సాలు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మడ అడవి వైపు నుంచి రెండు దెబ్బలు, ఒకదాని వెనకే ఒకటి, వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. యర్రమ్మ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చాలాసేపటికి మనుషుల కేకలు దగ్గరయ్యాయి. నడుందాకా బురదతో గవరయ్య వచ్చాడు.

"పడిపోనాదా?"

"పడిపోనాది."

ఆమె అతని భుజం, చెయ్యి తడిమి చూసింది.

"అన్నం ఒండనేదు మావా. సేతులాడనేదు."

"నానొండుతాలే. కూకో."